రానివాళ్లకు రాయొద్దన్న మాస్టరక్క

తమిళనాట మా ధర్మపురిలో చావు కబురు మొదట గోడలకు చేరుతుంది. మనిషి పోయిన పూటే కన్నీటి అంజలి ఫ్లెక్సు తయారైపోతుంది. మలుపుల్లో, కరెంటు స్తంభాలకు కట్టేస్తారు. పోయిన నెల పెన్నాగరం రోడ్డులో అట్లాంటి ఫ్లెక్సు ఒకటి చూసి బండి ఆపాను. ముఖం ఎక్కడో చూసినట్టుంది గాని, పేరు కొత్తగా ఉంది. పెళ్లినాటి ఫోటో. నిండా నగలు, పూలజడ, కెమెరా వాడు పక్కకు చూడమంటే పక్కకు చూసిన కళ్లు. కింద కన్నీరు పెట్టుకున్నవాళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. అందరూ మగవాళ్లే. మొదటి పేరు నాకు తెలిసిన మొబైల్ షాపు అతనిది, ఆమె తమ్ముడు. అది చదివాకే తెలిసింది, పోయింది మా మాస్టరక్క అని.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. జిమ్ములో నేర్పించేవాళ్లను ఇక్కడ మాస్టర్ అంటారు. ఆమె ఆడమనిషి కాబట్టి మాస్టరక్క అయింది. ఫ్లెక్సులో జిమ్ము ప్రస్తావనే లేదు.

నాకు ఏ సంగతైనా అంకెలు వేసి వరుసగా రాసుకుంటేనే తలకెక్కుతుంది. ఇంటికొచ్చి ఆమె గురించి నాకు తెలిసినవి అట్లాగే రాయబోయాను. ఒకటి: వాయిల్ చీర మీద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. రెండు: నల్లదారానికి కట్టి మెడలో వేసుకున్న విజిల్. ఊదగా నేను వినలేదు, అలవాటుగా పళ్ల మధ్య పెట్టుకొని మాట్లాడేది. మూడోదానికి వచ్చేసరికి అంకెలు ఆగిపోయాయి. మూడోది ఆమె మగగొంతుతో చదవడం. దాన్ని చెప్పాలంటే నా పని చెప్పాలి.

ఇంజినీరింగ్ అయ్యాక కొన్నాళ్లు బెంగళూరులో ఒక కంపెనీలో మెయిళ్లు పంపే విభాగంలో పనిచేసి, ఊరికి తిరిగొచ్చాను. సభ్యత్వం మీద నడిచే చిన్న చిన్న వ్యాపారాలకు మెయిళ్లు తయారు చేసి పెడతాను. షటిల్ కోర్టు, ట్యూషన్ సెంటరు, అట్లాంటివి. ఇట్లాంటి వ్యాపారంలో అమ్మకం ఒకసారి జరిగి ఊరుకోదు, గడువు తీరిన ప్రతిసారీ మళ్లీ జరగాలి. కాబట్టి మెయిల్లో ఏ వాక్యం పైన ఉండాలి, బొమ్మ ఎంత ఉండాలి, నొక్కాల్సిన బటన్ ఒకటే ఎందుకు ఉండాలి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మాస్టరక్క తమ్ముడు నన్ను పిలిచింది అందుకే. కింద అతని మొబైల్ షాపు, పైన అక్క నడిపే ఆడవాళ్ల జిమ్ము. జిమ్ములో సగం పెట్టుబడి అతనిది. బైపాసు పక్కన ఏసీ జిమ్ము వచ్చాక ఇక్కడ మనుషులు తగ్గారు. ఇట్లాగే ఉంటే మూసేసి, పైభాగాన్ని సెల్‌ఫోన్ల గోడౌను చేస్తానని అతను నా ముందే అన్నాడు. ఆమె వినిపించుకోనట్టు ట్రెడ్‌మిల్లు తుడుచుకుంటూ ఉండిపోయింది.

నేను చేసిన మొదటి మెయిల్ నాకు బాగా నచ్చింది. పైన బిగుతు బట్టల్లో పరుగెడుతున్న తెల్లదొరసాని, కింద 'మీ శరీరం, మీ సమయం' అని అరవంలో ఒక మాట, దాని కింద ఆకుపచ్చ బటన్. తమ్ముడు కాక, ఆ జిమ్ములోకి ఆమె రానిచ్చిన మగవాణ్ని నేనొక్కణ్నే. మాస్టరక్క నా ఫోను తీసుకుంది. ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుంది. గొంతు సవరించుకొని, లేని బొజ్జ నిమురుకుంటూ మగగొంతుతో చదవడం మొదలుపెట్టింది.

"ఏమే, ఇట్లా రా. నీ శరీరం నీదంట. ఎవురు చెప్పినారు నీకు?"

సైకిళ్ల మీద ఉన్న ఆడవాళ్లు తొక్కడం ఆపేసి నవ్వారు. ఆమె నవ్వలేదు. ఫోటోను దగ్గరికి, దూరానికి పెట్టి చూసింది. ఇట్లాంటి గుడ్డలేసుకొనా మీరు అక్కడ ఎగిరేది అని అదే గొంతుతో అడిగింది. తర్వాత ఫోను నా చేతికిచ్చి మామూలు గొంతుతో, ఫోటో తీసెయ్యి, మాట మార్చు, అంది.

అదంతా వేళాకోళం అనుకున్నాను. కాదని ఆమె రెండు మూడు మెయిళ్లు వద్దని తిప్పికొట్టాక అర్థమైంది. జిమ్ములో చేరేటప్పుడు ఈమెయిల్ అడిగితే ఆడవాళ్లు ఇంటాయనదో కొడుకుదో రాసిచ్చేవాళ్లు. గ్యాసు బుకింగుకూ, పిల్లల స్కూలుకూ, బ్యాంకుకూ ఇంటికంతా ఒకటే మెయిల్. అది మగవాళ్ల ఫోనులో ఉంటుంది. అడిగితే ఎవరికీ అందులో విడ్డూరం కనిపించలేదు, మా అమ్మది కూడా అట్లాగే ఉందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. డబ్బు కట్టి చేరింది ఒకరు, మెయిల్ చదివేది ఇంకొకరు. బెంగళూరులో ఇట్లాంటి సంగతి మాకు ఎవరూ నేర్పలేదు.

చివరికి ఆమె ఒప్పుకున్న మెయిల్లో బొమ్మే లేదు. సుగరు, బీపీ ఉన్నవాళ్లకు డాక్టర్లు చెప్పే నడక, ఎండ లేకుండా, ఆడవాళ్లకు మాత్రమే, పిల్లలు స్కూలుకు పోయినాక పది గంటల బ్యాచి. అంతే. దాన్ని కూడా కుర్చీలో వాలి చదివింది. కాసేపు ఆలోచించినట్టు మీసం లేని పెదవి మీద వేలు పెట్టుకుంది. "సరే, పోయిరా. మాత్రల ఖర్చన్నా తగ్గుతాది," అని ఆ గొంతుతోనే అనుమతి ఇచ్చింది. ఆ మెయిల్ పోయిన వారంలో కొంతమంది మగవాళ్లు తామే భార్యలను బండి మీద తెచ్చి మెట్ల దగ్గర దింపిపోయారు. తమ్ముడు నాకు కాఫీ తెప్పించాడు.

అక్కా, ఈ మగవాళ్ల సంగతి నీకు ఇంత బాగా ఎట్లా తెలుసు అని ఒకసారి అడిగాను. తనకు ఇంటాయన లేడు కాబట్టి అందరి ఇంటాయనలనూ తీరిగ్గా గమనించే వీలు దొరికిందని చెప్పి, విజిల్ పళ్ల మధ్య పెట్టుకుంది. అంతకు మించి తన గురించి నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు. మేమిద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. ఆమెకు తెలుగు చదవడం రాదు. తక్కినవాళ్లతో అరవం. కోపం వచ్చినప్పుడు మాత్రం ఎవరితోనైనా తెలుగే.

ఆ తెలుగు కోపం నా మీదికి ఒక్కసారే వచ్చింది. సభ్యులను నేను మూడు భాగాలు చేశాను. క్రమంగా వచ్చేవాళ్లు, తగ్గించినవాళ్లు, డబ్బు కట్టి అసలు రానివాళ్లు. తమ్ముడు పెట్టించిన వేలిముద్రల మెషిన్లో ఈ వివరమంతా ఉంది. మూడో రకానికి పంపే మెయిల్ మా వృత్తిలో అందరికీ తెలిసినదే. మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, మళ్లీ రండి, ఈసారి ఒక వారం ఉచితం. అన్ని మెయిళ్లలోకీ ఇది బాగా పనిచేస్తుంది. తయారు చేసి ఆమెకు చూపించాను.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. గొంతు మార్చలేదు. రానివాళ్లకు రాయొద్దు, అంది.

ఎందుకని అడిగితే అదే మాట మళ్లీ అంది. నాకు తోచింది నేను చెప్పాను. డబ్బు కట్టి రానివాళ్ల వల్ల మెషిన్లు అరగవు, కరెంటు కాలదు, వాళ్లను కదిలిస్తే మానేస్తామంటారేమో అని భయం కదా, తెలివైన ఆలోచనే అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అట్లే అనుకో. నువ్వు సదివినోడివి."

కొన్ని రోజుల తర్వాత, పదికి కాస్త ముందు, ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముప్పై దాటి ఉంటుంది, చేతిలో సంచి. అక్కా, పోయొస్తా, అంది. మాస్టరక్క తల ఊపింది. ఆమె వేలిముద్ర వెయ్యకుండా, చెప్పులు కూడా విప్పకుండా దిగిపోయింది. నేను మెషిన్లో చూస్తే ఆమె మూడో రకం. ఎన్నో నెలలుగా ఒక్క హాజరూ లేదు.

అప్పుడు చెప్పింది మాస్టరక్క. ఆమెది నల్లంపల్లి. ఆమె చెల్లెలు వేరే కులంవాణ్ని పెళ్లి చేసుకున్నప్పటినుంచి అత్తింటివాళ్లు పుట్టింటితో రాకపోకలు కట్ చేసినారు. ఇప్పుడు తల్లి ఒక్కతే బస్టాండు వెనక ఒక గదిలో మంచాన పడి ఉంది. ఈమె జిమ్ముకని బయలుదేరి వచ్చి, తల్లికి నీళ్లు పోసి, అన్నం పెట్టి, ఒంటిగంట బస్సుకు ఇంటికి పోతుంది. అది ఒక్కటే ఆమెకు దొరికిన వేళ. తల్లిని చూసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇట్లాంటివాళ్లు ఇంకా ఉన్నారంది. ఒకామె టైపింగు పరీక్షకు చదువుకుంటోంది. ఇంకొకామె ఎక్కడికీ పోదు, బస్టాండులో బెంచీ మీద కూర్చొని ఒక కాఫీ తాగి, వచ్చేపోయే బస్సులు చూసి ఇంటికి పోతుంది. అందరూ డబ్బు సరిగ్గా కడతారు. నేను వాళ్లకు అమ్మింది ట్రెడ్‌మిల్లు కాదప్పా, అంది. ఏమి అమ్మిందో నన్నే అనుకోమన్నట్టు వదిలేసింది.

ముందు ఒకసారి ఆమే ఆ పొరపాటు చేసిందట. పాపిరెడ్డిపట్టి నుంచి వచ్చే ఒకామె కొన్ని వారాలు కనపడకపోతే, ఒంట్లో బాగాలేదేమో అని ప్రేమగా ఫోన్ చేసింది. ఎత్తింది భర్త. మీ ఇంటామె రావడం లేదు, బాగుంది కదా అని అడిగేసింది. బాగుంది, బాగానే ఉంది, అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఒకసారి ఆ దంపతులు బస్టాండులో ఎదురుపడ్డారు. ఆమె చెయ్యి మోచేతి దాకా కట్టుకట్టి ఉంది. మాస్టరక్కను చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

"ఆయమ్మ యాడికి పోయేదో నాకు ఇప్పటికీ తెలీదు. అడగలేదు. అడగకపోవడమే నా పని అనుకున్నా. ఫోన్ ఎందుకు చేసినానో."

ఆ రోజే నేను మూడో భాగాన్ని నా పట్టికలోంచి తీసేశాను.

కాని మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్, హాజరు వివరాలతో సహా, తమ్ముడి పేరున ఉంది. మాస్టరక్కకు కడుపులో గడ్డ అని తెలిసి సేలంలో ఆపరేషన్ చేయించారు. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు తమ్ముడు లెక్కలు చూసుకుంటూ, రానివాళ్లు ఇంతమంది ఉన్నారా అని ఆశ్చర్యపోయి, సాఫ్ట్‌వేర్లో కంపెనీవాళ్లే పెట్టి ఉంచిన రెడీమేడ్ మెయిల్ ఒకటి కనిపిస్తే వాళ్లందరికీ పంపేశాడు. అందులో సభ్యురాలి పేరు, ఆఖరుసారి వచ్చిన తేదీ వాటంతట అవే పడతాయి. అతనికి దురుద్దేశం లేదు. అక్క మంచాన ఉన్నప్పుడు జిమ్మును నిలబెడదామనుకున్నాడు.

నాకు తెలిసింది జవాబులు రావడం మొదలయ్యాక. మెయిళ్లకు సాధారణంగా ఎవరూ జవాబు రాయరు, జవాబు రాయించడం మాకు గొప్ప. ఆ రోజు వరసగా వచ్చాయి. ఒకాయన, మా ఆమె రోజూ వస్తోంది, మీ రికార్డు సరిచూసుకోండి అని రాశాడు. ఇంకొకాయన పూర్తి హాజరు పట్టిక పంపమన్నాడు. ఒక జవాబులో ఒకటే వాక్యం ఉంది: ఇందులో ఉన్న తేదీ నిజమేనా?

సేలానికి ఫోన్ చేశాను. ఆమె అంతా విని, ఎవరెవరికి పోయిందో చదవమంది. చదివాను. నల్లంపల్లి ఆమె పేరు రాగానే చాలు అంది.

కుట్లు విప్పకుండానే మర్నాడు కారులో వచ్చేసింది. తమ్ముడు వద్దని బతిమాలుతూ వెనకే ఎక్కాడు. జరిగింది ఏమిటో అతనికి అప్పటికీ పూర్తిగా తెలియదు, ఆమె చెప్పనూ లేదు. చెబితే అతను కూడా ఒక ఇంటాయనే కదా అని తర్వాత నాతో అంది. మెట్లు ఒక్కొక్కటీ ఆగి ఆగి ఎక్కింది. కుర్చీలో కూర్చొని, ఇంకొక మెయిల్ రాయమంది. వేలిముద్రల మెషిన్ చెడిపోయింది, నిన్న పోయిన మెయిల్ తప్పు, అందరూ సక్రమంగా వస్తా ఉండారు, ఇబ్బందికి మన్నించండి.

మెషిన్ బాగానే ఉందక్కా, అన్నాను. అబద్ధం రాయడం నాకు చేతకాదని కాదు, మా వృత్తిలో సగం అదే. కాని ఇది జిమ్ము పేరు మీద, రాతపూర్వకంగా పోయేది. ఎవరైనా మెషిన్ వాళ్లను అడిగితే దొరికిపోతామని నా భయం.

"నిజం రాసినావనుకో. ఆ నిజం వాళ్ల ఇండ్లలోకి పోయినాక ఏమేమి చేస్తాదో, కూడా పోయి చూసొస్తావా నువ్వు?"

రాశాను. బొమ్మ లేదు, రంగు లేదు, బటన్ లేదు. ఆమె ఫోను తీసుకొని ఎప్పటిలాగే వెనక్కి వాలబోయింది. కుట్లు లాగి ఆగిపోయింది. నిటారుగా కూర్చొనే గొంతు సవరించుకుంది. ఆ గొంతు సగమే వచ్చింది. రెండు వాక్యాలు చదివి, తన మామూలు గొంతులోకి జారిపోయి, నమ్మడు, అంది. కొంచెం ఆగి, నమ్మకపోయినా ఊరుకుంటాడు, పదిమందిలో అడగడానికి సిగ్గుపడతాడు, పంపు, అంది.

ఆమె లెక్క దాదాపు నిజమైంది. కొందరు సరే అని రాశారు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు జీవితంలో మొదటిసారి ఆ మెట్లెక్కి వచ్చి, గడప బయటే నిలబడి, మెషిన్ రిపేరు అయిందా అని అడిగారు. ఇంకా లేదన్నా, ఆ కంపెనీవాళ్లు దొంగలు, రేపు మాపు అంటా ఉండారు అని ఆమె చెప్పింది. లోపల ఆడవాళ్లు ఉన్నారని వాళ్లు తల దించుకొని దిగిపోయారు. బస్టాండు బెంచీ మీద కూర్చునే ఆమె భర్త వాళ్లలో ఒకడు. అతను పోయాక మాస్టరక్క నీళ్లు తాగింది.

వారం తిరిగేలోపల నల్లంపల్లి ఆయన వచ్చాడు. లారీ బుకింగ్ ఆఫీసు నడుపుతాడట. ఉతికిన తెల్ల చొక్కా, మర్యాదైన మనిషి. గడప బయట నిలబడలేదు. లోపలికి వస్తాము అని చెప్పి, భార్యను ముందు నడిపించుకుంటూ వచ్చాడు. ఆమె ఇంటినుంచి బయలుదేరుతుంటే ఈ రోజు నేనే దింపుతానని బండి ఎక్కించుకున్నాడట. ఆమె చేతిలో సంచి అట్లాగే ఉంది. మూతి దగ్గర క్యారియరు అంచు కనపడుతోంది. దాన్ని టవలుతో కప్పింది గాని పూర్తిగా కప్పలేదు.

మెషిన్ గురించి అతను అడగనే లేదు. మెయిల్ చూశాను, ఎవరికైనా తప్పులు జరుగుతాయి అని అరవంలో నెమ్మదిగా అన్నాడు. ఇన్నాళ్లుగా చేస్తోంది కదా, ఎట్లా చేస్తుందో ఒకసారి చూద్దామని వచ్చాను, ఒక ఐదు నిమిషాలు, చూసి పోతాను.

ఆమె సంచి కింద పెట్టి ట్రెడ్‌మిల్లు ఎక్కింది. రెండు చేతులతో పక్క కమ్మీలు పట్టుకుంది. ముందున్న పలక మీద బటన్లు చాలా ఉన్నాయి. ఆమె వేలు ఒకదాని మీదికి పోయి ఆగింది, పక్కదాని మీదికి పోయింది. నేను ఆమెకు రెండడుగుల దూరంలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్నాను. నొక్కాల్సింది ఎర్రటి తాడు కింద ఉన్న చిన్న ఆకుపచ్చది. కంటితో చూపించినా అతను చూస్తాడు. సైకిళ్ల మీది ఆడవాళ్లు తొక్కుతూనే ఉన్నారు, ఎవరూ తల ఎత్తలేదు.

మాస్టరక్క లేచింది. కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకొని, గోడ పట్టుకొని నడిచి, తలుపు వెనక ఉన్న మెయిన్ స్విచ్చి దించేసింది. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. ట్రెడ్‌మిల్లు పలక మీద వెలుగు పోయింది.

"కరెంటు పోయిందన్నా. ఈ వేళకు రోజూ తీసేస్తారు."

అతను కిటికీలోంచి కిందికి చూశాడు. ఎదురు జ్యూసు కొట్టులో మిక్సీ తిరుగుతోంది. కింద తమ్ముడి షాపులో పాటలు మోగుతున్నాయి. అతను మాస్టరక్క వైపు తిరిగి చిన్నగా తల ఊపాడు, పెద్దవాళ్ల మాటకు ఒప్పుకున్నట్టు. భార్యను దిగమన్నాడు. ఆమె సంచి తీసుకోబోతే, బరువుగా ఉంటుంది, నేను తెస్తాను ఇవ్వు అన్నాడు. ఇచ్చింది.

వాళ్లు మెట్లు దిగుతుంటే మాస్టరక్క గడప దాకా పోయింది. అతనికి వినపడాలని గట్టిగా, రేపు టైముకు రామ్మా, నాగా పెట్టొద్దు, అంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

నేను కిటికీ దగ్గరికి పోయాను. అతను సంచి తెరిచి చూడలేదు. జాగ్రత్తగా బండి ముందు కొక్కేనికి తగిలించుకున్నాడు. ఆమె వెనక కూర్చుంది. మాస్టరక్క ఇంకా గడప పట్టుకొనే నిలబడి, ఎటు పోతా ఉండారు అని అడిగింది.

నల్లంపల్లి వైపే, అన్నాను. ఆమె స్విచ్చి ఎత్తలేదు. వాచీ చూసుకుంది. బస్టాండు వెనక గదిలో ఆ ముసలామెకు అన్నం పెట్టే వేళ అయింది. ఆ గది ఏదో మా ఇద్దరికీ తెలియదు.